పామర్రు బస్తాలు

విజయవాడ, గవర్నర్‌పేట
28 జులై 2025

బాబాయికి,

నువ్వు బాగున్నావని శౌరయ్య చెప్పాడు. నేను బాగాలేను. ఇక విషయానికొస్తాను.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, కొట్లో జనం తిరిగి చూస్తారు, పిన్ని ఫోన్ లాక్కుని "ఏంటే మీ గోల" అంటుంది. ఇన్నేళ్ళు రైసుమిల్లు మోతలో నిలబడ్డ చెవులతో ఫోన్ మాట్లాడటం నీ వల్ల కాదు. అరవడం ఇక నా వల్ల కాదు. అందుకే శౌరయ్య ట్రాలీలో ఖాళీ గోతాల మధ్య ఈ కాగితం పెడుతున్నాను. జవాబు బస్తాలతో పాటు పంపించు.

కాఫీ చేదొస్తోంది.

కాఫీ చేదు కాక తియ్యగా ఉంటుందా అంటావు. పెదనాన్న కొట్లో పాత కాఫీపొడి సంగతి వేరు. చికోరీ కలిపి, పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేస్తే ఏ గింజైనా ఒకటే. ఇప్పుడు లక్ష్మీకాంత్ అన్నయ్య అమ్మేది పాలు లేకుండా తాగే కాఫీ. గింజలో ఉన్నదంతా నాలుక మీదికి వస్తుంది, దాక్కోవడానికి చోటుండదు. ఏజెన్సీ కొండల నుంచి మార్చిలో వచ్చి నీ గోడౌన్‌లో దిగిన సరుకే ఇది. ఏప్రిల్‌లో వేయిస్తే బత్తాయి తొక్క వాసనొచ్చింది, చివర్లో బెల్లం పాకం. అదే సరుకు ఇప్పుడు వేయిస్తే గొంతు వెనకాల మందు మింగినట్టు చేదు. నీళ్ళు తాగినా పోవడం లేదు. నిన్న ఒకాయన కప్పు సగంలో వదిలేసి "కషాయంలా ఉందమ్మా" అని లేచిపోయాడు.

అన్నయ్య నేను మాడుస్తున్నానంటున్నాడు. షెడ్డులో గింజ వేయించే ఆ మిషన్ డ్రమ్ము ముందు నిలబడి మూడేళ్ళు నేర్చుకున్నాను బాబాయ్. నాకెవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని, మాడిన గింజల్ని ఎవరూ చూడకుండా కాలవలో పారబోసి నేర్చుకున్నాను. మాడిన చేదు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు.

ఒకటే అడుగుతున్నాను. గోడౌన్ కప్పు కారుతోందా? బస్తాలు తడిశాయా? నిజం చెప్పు.

తులసి

పామర్రు
1 ఆగస్టు

తులసమ్మకి బాబాయి తన చేత్తో రాసుకుంటున్నది,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. పిన్ని తినమని గోల పెడితే తిన్నాను, అది వేరే సంగతి.

కప్పు కారుతోందా అని అడిగావు. మొన్న వేసవిలో రేకులు మార్పించింది ఎవరు? చుక్క పడితే నా నెత్తిన పడాలి గానీ బస్తా మీద పడదు. కింద చెక్కలు పరిచి, గోడకి జానెడు ఎడం వదిలి బస్తా మీద బస్తా నెట్టు కట్టించాను. వడ్లు నిలవచేసిన చేతులమ్మా ఇవి. మా నాన్న హయాం నుంచి ఆ గోడౌన్‌లో గింజ ముక్కిందన్న మాట లేదు.

ఈ అనుమానం నీదా, మీ అన్నయ్యదా? అతనిదైతే అతన్నే రాయమను.

కాలవలకి నీళ్ళొదిలారు. ఊడ్పులు జోరుగా సాగుతున్నాయి. కూలీలు దొరక్క సగం మంది వెదజల్లుతున్నారు. పిన్ని మోకాలు మళ్ళీ వాచింది. నూనె రాస్తే తగ్గుతుందంటుంది, రాయమంటే రాయదు. మిల్లు మూసేశాక ఈ ఊళ్ళో నాకున్న పని ఆ గోడౌన్ ఒక్కటే. "ఏం చేస్తున్నావయ్యా బసవయ్యా" అని ఎవరన్నా అడిగితే "అన్నయ్య వాళ్ళ కాఫీ సరుకు చూస్తున్నాను" అంటాను. తాళం చెవి మొలతాడుకే ఉంటుంది. స్నానానికీ తియ్యను.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకుంటావు, తెలుసు. నీది చిన్నప్పట్నించీ దుడుకు. కాస్త మంట తగ్గించి చూడు. నీ కోపమంతా పొయ్యి కింద పెడుతున్నావేమో.

ఈసారి బస్తాలు ఇంకా శుభ్రంగా చెరిగి పంపిస్తున్నాను.

బాబాయి

విజయవాడ
5 ఆగస్టు

బాబాయికి,

నా కోపం గ్యాసు మీద మండదు. మిషన్‌కి మీటరుంటుంది. దానికి నేనెవరో, నా దుడుకేంటో తెలీదు, ఎంత వేడి పెడితే అంతే చూపిస్తుంది. ఈ ఇంట్లో నన్ను సరిగ్గా చూసేది అదొక్కటే.

అయినా నువ్వు చెప్పావని మంట తగ్గించే చూశాను. గింజ పటపటమన్న వెంటనే దించేశాను. దాల్చినచెక్క రంగు దాటలేదు. ఆ రంగులో మాడు ఎక్కడిది? కాఫీ పుల్లగా వచ్చింది, ఆ పులుపు వెనకాల మళ్ళీ అదే చేదు. అమ్మకి తాగించాను. ప్యాకెట్లు అంటిస్తున్నదల్లా ఆపి, మొహం చిట్లించి, "ఏదో ఆకు పసరులా ఉందే" అంది. అమ్మకి కాఫీ గురించి ఏమీ తెలీదు. ఆవిడ మాటే నాకు నిజమనిపించింది.

అన్నయ్య ఆ సాయంత్రం ఇద్దరు కస్టమర్ల ముందు "సారీ సర్, మా చెల్లి ఇంకా నేర్చుకుంటోంది" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. అతను చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది, తిట్టుకుని పడుకునేదాన్ని. మంచివాడు. నాన్న పోయాక నన్నూ అమ్మనీ పెదనాన్న తీసుకొచ్చి ఈ కొట్టు వెనక గదిలో పెట్టినప్పుడు తన సైకిల్ నాకిచ్చినవాడు. ఆ సైకిల్ ఇంకా తొక్కుతూనే ఉన్నాను చూడు.

ఇప్పుడు అసలు కబురు. బెంజ్ సర్కిల్‌లో రెండో కొట్టు దసరాకి తెరుస్తున్నారు. దానికి బెంగళూరు నుంచి ఒక రోస్టర్‌ని పిలిపిస్తున్నారు. రోస్టర్ అంటే గింజ వేయించే మనిషి. అంటే నేను. అంటే ఇక నేను కాదు. నన్ను అక్కడ కౌంటర్ దగ్గర నిలబెడతారట. వచ్చినవాళ్ళని చూసి నవ్వాలట. "నీ మొహంలో కళ ఉంది తులసీ, షెడ్డులో పాడైపోతోంది" అన్నాడు అన్నయ్య. నాకు నవ్వు రాదని మీ అందరికీ తెలుసు.

ఈ చేదు ఎక్కణ్ణించొస్తోందో దసరాలోగా తేల్చకపోతే ఆ మిషన్ నాది కాదు. అర్థమైందా? నాకు చదువు లేదు, ఇంటర్‌తో ఆపేశారు. ఆ డ్రమ్ము ముందు నిలబడటం ఒక్కటే వచ్చు.

కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను. ఆ గోడౌన్‌లో ఇంకేం పెట్టావు? మిరపకాయలా? పసుపా? పురుగుకి మందు బిళ్ళలేమైనా వేశావా? పక్కన ఏ వాసనుంటే కాఫీ గింజ ఆ వాసన లాగేసుకుంటుంది. మొహమాటం వద్దు.

తులసి

పామర్రు
10 ఆగస్టు

అమ్మాయి తులసికి,

మొహమాటం వద్దన్నావు కనుక నేనూ పెట్టుకోను.

గోడౌన్ అద్దెకిచ్చి డబ్బు తింటున్నానని కదూ నీ ఉద్దేశం? మిరపకాయలంట, పసుపంట! శ్రావణ శుక్రవారం నాడు మీ అన్నయ్య కారేసుకుని వచ్చాడు. వెంట ఒక కుర్రాడు. గోడౌన్ లోపలా బయటా ఫోటోలు తీశారు. తలుపు తీసి నిలబెట్టి తీశారు, తలుపు మూసి తీశారు, నన్ను పక్కకి జరగమని తీశారు. "ఎందుకు బాబూ" అంటే "తర్వాత చెప్తాను బాబాయ్" అని నీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు నీ ఉత్తరం. నేను రైసుమిల్లు వాణ్ణే గానీ తవుడు తినేవాణ్ణి కాదు. గోడౌన్ బేరానికి పెట్టారని పిన్నికి అప్పుడే చెప్పాను. సరుకు పాడైందని వంక పెట్టి, ముసలాడికి చేతకాదని పేరు పెట్టి, తాళం లాక్కోవడం. నువ్వు కూడా అందులో ఉన్నావా?

ఇదిగో విను, ఆ సరుకుని నేనెలా చూసుకుంటున్నానో. ఎప్పుడూ మార్చిలో వచ్చిన సరుకు వానలు పడేలోపు అయిపోయేది, కాబట్టి ముట్టుకునే పనుండేది కాదు. ఈ ఏడు బెంజ్ సర్కిల్ కొట్టుకని రెండింతలు దించారు. ఆషాఢం వచ్చేసింది. చూద్దును కదా, ప్రతి బస్తా లోపలా ప్లాస్టిక్ సంచి, మూతి బిగించి! గింజకి ఊపిరాడొద్దూ? వడ్లు అలా కడితే వారంలో ఆవిరొచ్చి మొలకెత్తుతాయి. నేనూ పిన్నీ కూర్చుని ఒక్కో బస్తా విప్పి, ఆ ప్లాస్టిక్ తీసి పారేసి, ఎండేసిన గోనె సంచుల్లోకి మార్చాం. పిన్ని మోకాలు వాచింది అందుకే, నీకు చెప్పలేదు. పొరకో గుప్పెడు వేపాకు నీడన ఆరబెట్టి వేశాను. మినుములకీ పెసలకీ మా అమ్మ వేసినట్టే. మందు బిళ్ళ ముట్టుకోలేదు, తాగే సరుకు కదా. నీకు పంపే ముందు ఆకు ముక్క లేకుండా పిన్ని చేటతో చెరిగి పోస్తుంది.

ఒక్క పురుగు చూపించు, తాళం మీ అన్నయ్య చేతిలో పెడతాను.

బసవయ్య

విజయవాడ
13 ఆగస్టు

బాబాయ్,

ఆకు తీసెయ్. ఈ ఉత్తరం చదవడం ఆపి వెళ్ళి తీసెయ్. తీశాక మిగతాది చదువు.

ఫోటోలు అమ్మడానికి కాదు. బెంజ్ సర్కిల్ కొట్లో ఒక గోడ నిండా నీ గోడౌన్ బొమ్మ అంటిస్తారట, మా పుట్టిల్లు ఇదీ అని చెప్పుకోవడానికి. నిన్ను పక్కకి జరగమన్నారా? సరే.

పురుగు లేదు బాబాయ్. పురుగే ఉంటే బాగుండేది, ఏరి పారేసేదాన్ని. సరుకు దిగినప్పుడు ఏజెన్సీ వాళ్ళు చిన్న కవరులో నమూనా పంపుతారు, సీలు వేసి. ఒకటి విప్పకుండా నా దగ్గరుండిపోయింది. అదీ, నీ బస్తాలో గింజా, ఒకే వేడి మీద వేయించాను. రెండు గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా అమ్మ ముందు పెట్టాను. ఒకటి తాగి ఊరుకుంది. రెండోది తాగి "మళ్ళీ పసరు" అంది. పసరన్నది నీ బస్తా.

వడ్లు ఊపిరి పీల్చుకోవాలి, నిజమే. కాఫీ గింజ పీల్చకూడదు. ఆ ప్లాస్టిక్ కట్టింది అందుకే. మన కృష్ణా గాలిలో వానాకాలం ఎంత తేమ ఉంటుందో నీకు తెలుసు, గోడకి చెయ్యి పెడితే తడి. ఆ తేమతో పాటు వేపాకు చేదు కూడా లాగేసుకుంది. చెరిగితే ఆకు పోతుంది, రుచి పోదు. పనంతా మీరిద్దరూ ప్రాణం పెట్టి చేశారు. అదే నాకు ఒళ్ళు మండిపోతోంది. బద్ధకంగా పడేసి ఉంటే ఈ గొడవే లేదు.

నీకెవరూ చెప్పలేదా అసలు, దీన్ని ఎలా ఉంచాలో? చెప్పుండరు. నాకూ ఎవరూ ఏదీ చెప్పరు.

అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. చెప్తే మిగిలిన బస్తాలన్నీ ఆటోనగర్‌లో ఏసీ గోడౌన్‌కి వెళ్ళిపోతాయి, నీ పని పోతుంది. చెప్పకపోతే మాడ్చింది నేనే అవుతాను, మిషన్ పోతుంది. రెండు రోజులుగా అన్నం ముందు కూర్చుని ఇదే. నువ్వు పెద్దవాడివి, చెప్పు ఏం చెయ్యాలో. "నీ ఇష్టం తల్లీ" అని మాత్రం రాయకు.

తులసి

పామర్రు
18 ఆగస్టు

తులసమ్మకి,

ఆకు తీసేశాం. వాసన పోవాలని బస్తాలు విప్పి గింజంతా కళ్ళంలో పరదాల మీద ఎండబోశాం. రెండెండలు కాశాయి. పిన్ని వడ్లు కలియబెట్టినట్టు కాళ్ళతో దున్నింది. మూడోనాడు మబ్బు పడితే ఎత్తేశాం. ఇప్పుడు వాసన చూస్తే నాకేమీ తెలియడం లేదు. శుభ్రంగా ఉంది.

వేపాకు మనిషికి చెరుపు చేసిందని నా జన్మలో వినలేదు. అయినా నువ్వంటున్నావు, సరే.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. పిన్నితో కూడా ఆలోచించాను. ఇక ఆకు లేదు కదా. ఇప్పట్నించీ వచ్చే సరుకు బాగుంటుంది. బాగుంటే ఎవరడుగుతారు? జరిగింది జరిగిపోయింది, మీ అన్నయ్య చెవిన వేసి ఒరిగేదేముంది? ఇంట్లో విషయం ఇంట్లోనే అణిగిపోతుంది.

కౌంటర్ దగ్గర కూర్చోవడంలో తప్పేముందమ్మా. ఆడపిల్లవి. ఆ పొగలో, ఆ వేడిలో, చేతుల నిండా కాలిన మచ్చలు. రేపు సంబంధాలు చూడాలన్నా అమ్మకి ఇబ్బంది. అక్కడైతే ఫ్యాను కింద నీడపట్టున ఉంటావు. నాకైతే ఈ వయసులో ఇంకో పని దొరకదు. నీకు బోలెడు వయసుంది.

పిన్ని కాకరకాయ కారం పంపించింది. సీసా జాగ్రత్త, శౌరయ్య గతుకులన్నీ వెతుక్కుంటూ తోలతాడు.

బాబాయి

విజయవాడ
23 ఆగస్టు

బాబాయికి,

చెప్పేశాను.

నీ పేరే చెప్పాను. మెత్తగా చెప్పలేదు, దాచి చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చిన గంటలో చెప్పాను. "నీడపట్టున ఉంటావు" అన్న చోట ఆపి, కాగితం మడిచి, చెప్పులేసుకుని కొట్లోకి వెళ్ళాను. నువ్వు "నా కోసం ఊరుకోవే" అని ఒక్క ముక్క రాసుంటే ఊరుకునేదాన్నేమో. నిజంగా అంటున్నాను. కానీ నీ కోసం కాదన్నట్టు, నా మంచికే అన్నట్టు రాశావు.

పెదనాన్న గల్లా దగ్గరున్నారు, అన్నయ్య కప్పులు తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, అది మాడు కాదు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"వేపాకు. బాబాయి ప్లాస్టిక్ సంచులు తీసేసి, గోనెల్లో పోసి, వేపాకేశాడు. ఇప్పుడు ఎండబోశాడు కూడా, మిగిలిన రుచీ ఎండకి పోతుంది. ఉన్న సరుకంతా పోయింది."

అన్నయ్య నవ్వాడు బాబాయ్. "వేపాకా?" అని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత అక్కడే స్టూలు మీద కూలబడి తల పట్టుకున్నాడు. పెదనాన్న ఒక్కటే అన్నారు: "వాడు నా తమ్ముడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనకండి." గల్లా మూసి, "సరుకు మాత్రం ఇక్కడికి తెప్పించెయ్" అన్నారు. అంతే. నీ విషయం రెండు వాక్యాల్లో అయిపోయింది.

నా విషయం ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"నా తప్పు కాదని తేలిందిగా. మరి మిషన్?"

"బెంగళూరాయనకి మాటిచ్చేశాం తులసీ, ఇల్లు కూడా చూసి పెట్టాం."

"నాకివ్వలేదా మాట?"

"నీకు మాటేంటే? నువ్వు మనింటి మనిషివి. నువ్వు అర్థం చేసుకుంటావు. బయటివాడు అర్థం చేసుకోడు కదా."

ఆ మాట పట్టుకుని మూడు రోజులుగా తిరుగుతున్నాను. అర్థం చేసుకోవడానికి మనం, నిలబడటానికి బయటివాళ్ళు. అమ్మ అర్థం చేసుకుని ప్యాకెట్లు అంటిస్తోంది. పిన్ని అర్థం చేసుకుని మోకాళ్ళు వాచేలా కూర్చుంది. నువ్వు అర్థం చేసుకుని ఫోటోలోంచి జరిగావు.

కాబట్టి నీ తాళం పోయింది, నా మిషన్ రాలేదు. క్షమించమని రాయడం లేదు. నీకు తెలియాలి, ముందు నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నాను. సోమవారం శౌరయ్య పెద్ద బండితో వస్తాడు.

తులసి

పామర్రు
2 సెప్టెంబరు

తులసికి,

తీసుకెళ్ళారు. నెట్టు విప్పుతుంటే నేను లోపలికి వెళ్ళలేదు. పిన్ని దగ్గరుండి ఎక్కించింది. చెక్కలు మాత్రం మిగిలాయి. చివరి బస్తా ఎక్కించాక శౌరయ్య నా దగ్గరికొచ్చి "మరి ఉత్తరాలెలాగండీ ఇక?" అన్నాడు. పోస్టులో వేసుకుంటాం అన్నాను. "మీరిద్దరూ కొట్టుకోవడం మానేస్తే ఆ ఖర్చూ తప్పుతుందిగా" అన్నాడు. వాడికి నోటికి అడ్డులేదు.

నాకు కోపం ఉంది. లేదని రాస్తే నమ్మవు. మీ అన్నయ్యకి చెప్పినందుకు కాదు, గంటలో చెప్పినందుకు. ఒక్కరోజు ఆగుంటే నేనే బస్సెక్కి వచ్చి చెప్పేవాణ్ణనుకుంటున్నాను. వచ్చేవాణ్ణో లేదో నాకూ తెలియదు. ఆ అనుమానం కూడా నీవల్లే వచ్చింది.

పనేమీ లేక కూర్చుంటే ఒక సంగతి తోచింది. వడ్లంటే నాకు తెలుసు. పాత బియ్యం ఎలా ఉంటాయి, కొత్త బియ్యం ఎలా ఉంటాయి, తడిసినవి వండితే ఏ వాసనొస్తాయి, అన్నీ కంచంలో చూసినవే. ఆ కాఫీ ఎన్నేళ్ళ నుంచి నా గోడౌన్‌కి వస్తోంది? ఒక్కసారైనా ఒక్క గ్లాసు ఎవరైనా నా నోటికి అందించారా? నేనూ అడగలేదనుకో. ఇక్కడ మేం తాగేది సంతలో కొన్న చికోరీ పొడే. రుచి తెలియని గింజకి కాపలా కూర్చున్నాను. అది చెడిందో లేదో నాకేం తెలుస్తుంది?

నువ్వు కూడా పంపించలేదమ్మా. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపే అనుకో.

మీ అమ్మని అడిగానని చెప్పు.

బాబాయి

విజయవాడ
24 సెప్టెంబరు

బాబాయికి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. చివరి పేరా దగ్గరే ఆగిపోయాను. నిజమే, పంపించలేదు. వారానికి రెండుసార్లు ట్రాలీ వెనక్కి ఖాళీ గోతాలతో పోయేది, ఒక్క పావుకిలో ప్యాకెట్ పడేద్దామని తోచలేదు. నాకు జరిగిందే నీకు నేను చేశాను. అంతకంటే రాయను, రాస్తే ఏడుపు కథ అవుతుంది.

నేను వెళ్ళిపోతున్నాను. విశాఖలో ఒక కాఫీ ఫ్యాక్టరీ ఉంది. మన కొట్టంత నాజూకు కాదు, చికోరీ కలిపిన పొడే ఎక్కువ. పెద్ద డ్రమ్ములు, మూడు షిఫ్టులు. అన్నయ్యకి చెప్పకుండా పోయిన వారం వెళ్ళొచ్చాను. నా చదువెంతని అడిగారు, ఇంటరన్నాను. "సరే, వేయించి చూపించు" అన్నారు. మూడు దఫాలు వేయించాను. అక్కడి మేనేజరు గింజ కొరికి, చేతులు దులుపుకుని, "ఎప్పుడొస్తావు?" అన్నాడు. అంతే. కళ గురించి మాట్లాడలేదు.

ఇంట్లో చెప్తే పెదనాన్న "నిన్నెవరు పొమ్మన్నారు తల్లీ?" అన్నారు.

"ఎవరూ అన్లేదు పెదనాన్నా. ఇంటి మనిషిని పొమ్మనరు, ఉండమనీ అనరు. ఎక్కడ పెడితే అక్కడుంటుందనుకుంటారు."

అన్నయ్య రాత్రి వచ్చి, స్టేషన్‌కి కారులో దింపుతానన్నాడు. చెప్పాగా, చెడ్డవాడు కాదని. అమ్మ నాతో రానంది. గది ఖాళీ చేస్తే మళ్ళీ ఇస్తారో ఇవ్వరోనని భయం. ఆవిడనిక్కడ వదిలి వెళ్ళడం ఒక్కటే నన్ను తినేస్తోంది, మిగతాదంతా తేలికే.

పామర్రు రావాలని ఉంది, రాను. వస్తే పిన్ని అన్నం కలిపి పెడుతుంది, నువ్వు ఎటో చూస్తూ కూర్చుంటావు, నేను మెత్తబడిపోతాను. "ఆడపిల్లవి" అన్న మాట మీద కోపం ఇంకా ఉంది. ఉండనీ.

దీంతో ఒక ప్యాకెట్ బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. సీలు నమూనాలో మిగిలిన గింజ. నేనే వేయించి, పొడి కొట్టించాను. ఇక్కడ వేయించిన ఆఖరిది అదే. నీళ్ళు మరిగాక దించి, కాస్త ఆగి, గ్లాసుకి రెండు చెంచాలు వేసి మూతపెట్టు. పొడి అడుక్కి దిగాక పైది వంచుకో. పాలు వద్దు, పంచదార వద్దు. పిన్ని వెయ్యబోతే చెయ్యి పట్టుకో. తాగి ఎలా ఉందో రాయి. బాగోలేకపోతే బాగోలేదని రాయి, మంచిమాట రాస్తే నాకు తెలిసిపోతుంది.

కింద విశాఖ అడ్రసు ఉంది.

తులసి

పామర్రు
13 అక్టోబరు

తులసికి,

తాగాం. నాకు పుల్లగా ఉంది. పాలు లేక నాలుకకి మొండిగా తగిలింది. పిన్ని మాత్రం బ్రహ్మాండం అంది. దాని మాట లెక్కలోకి తీసుకోకు, అది నువ్వు చేసిందని తెలిసే అంది. నేను మూడు రోజులు వరసగా తాగి రాస్తున్నాను, తొందరపడి కాదు. పులుపే. చేదు మాత్రం లేదు. అది ఒప్పుకుంటాను.

దసరాకి మీ అన్నయ్య కారు పంపించి బెంజ్ సర్కిల్ కొట్టుకి తీసుకెళ్ళాడు. గోడ మీద గోడౌన్ బొమ్మ చూశాను. బాగానే పడింది. తలుపు మూసున్నది పెట్టారు. మీ అమ్మ కొత్త చీర కట్టుకుని ప్యాకెట్లు అందిస్తోంది, చిక్కింది. నీకు రాయొద్దంది, అందుకే రాస్తున్నాను. వచ్చే నెల పిన్నీ నేనూ వెళ్ళి ఇక్కడికి తెచ్చుకుందామనుకుంటున్నాం, ఆవిడ ఒప్పుకుంటే. మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది, ఎవరూ ఖాళీ చెయ్యమని అడగరు. ఆ భయం నువ్వు పెట్టుకోకు.

బెంగళూరాయన పోసిన కాఫీ కూడా తాగాను. అదీ పులుపే. నీదే నయం. ఇది మంచిమాట కాదు, రెండూ తాగిన మనిషి మాట.

నువ్వు ఆడపిల్లవన్న మాట మీద కోపం ఉందన్నావు. ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. ఈ ఉత్తరం పోస్టులో వేద్దామని వెళ్ళినప్పుడు జరిగింది రాస్తాను, అది చాలు. అందుకే కవరు ఇంకా అంటించలేదు, ఇక్కడ పోస్టాఫీసు బల్ల మీదే ఈ ముక్క రాస్తున్నాను. కవరు మీద నీ పేరు కింద రోస్టర్ అని రాశాను. కౌంటర్‌లో ఉన్నాయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "రోస్టర్ అంటే ఏంటండీ?" అన్నాడు.

"కాఫీ గింజ వేయించే మనిషండీ. మా అన్న కూతురు."

"దానికీ ఒక ఉద్యోగముందా? వేయించడం కూడా ఒక పనేనా?"

"మా ఇంట్లోనూ అలాగే అనుకున్నామండీ," అన్నాను, "పిల్ల వెళ్ళిపోయింది."

బాబాయి